లిల్లీ దుంపలు కుళ్లకుండా, కాడ నిండా పూయాలంటే: నెల్లూరు, ప్రకాశం పెరళ్లకు పూర్తి పద్ధతి

దండల్లో కట్టే తెల్ల లిల్లీ గురించే ఈ వ్యాసం. నేలసంపెంగ, రజనీగంధ అని కూడా అంటారు. దీని మీద అందరూ అడిగే ప్రశ్నలు రెండే: "ఆకులు గడ్డిలా గుబురుగా వచ్చాయి, పూలు మాత్రం రాలేదు, ఎందుకు?", "కార్తీకం వానలకి దుంపలన్నీ కుళ్లిపోయాయి, ఏం చేయాలి?" ఈ రెండింటికీ జవాబు మందుల షాపులో దొరకదు. దుంప ఎంచుకోవడం, మడి కట్టడం, నీళ్లు ఆపడం అనే మూడు పనుల్లోనే ఉంది. అందుకే ఆ మూడూ వివరంగా రాస్తున్నాను.

1. ముందు వాన లెక్క తెలుసుకోండి

ఈ మొక్క పుట్టిల్లు ఉత్తర అమెరికా ఖండంలోని మెక్సికో. అక్కడ వానలు ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు లోపు పడతాయి. తర్వాత చలికాలమంతా పొడిగా ఉంటుంది. వానల్లో పెరిగి, పూసి, పొడి కాలంలో దుంపగా నిద్రపోవడం దీని అలవాటు. శాస్త్రజ్ఞులు ఇప్పుడు దీన్ని కిత్తనార జాతిలోనే చేర్చారు. కిత్తనార లాగే ఇది ఎండని ఓర్చుకుంటుంది, వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం తట్టుకోలేదు.

మన దగ్గర వాన దీనికి అడ్డంగా వస్తుంది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఒంగోలు వైపు నైరుతి వానలు కాస్త నయమే కానీ, వాయుగుండం వస్తే అక్కడా ఇదే పరిస్థితి. అంటే దుంప ఆరుతూ విశ్రాంతికి వెళ్లాల్సిన సమయానికి మన నేల బురదగా ఉంటుంది. చలికి ఆకులు ఎండిపోయి దుంప దానంతట అది నిద్రపోయే అవకాశం కూడా మన వాతావరణంలో తక్కువ.

అందుకని మన క్యాలెండర్ ఇలా ఉండాలి:

- సంక్రాంతి తర్వాత: నీళ్లు ఆపడం, దుంపలు తవ్వడం
- ఫిబ్రవరి: దుంపలకు నీడలో విశ్రాంతి, మడి తయారీ
- శివరాత్రి దాటాక, మార్చి మొదటి పక్షం లోపు: నాటడం
- జూన్ నుంచి అక్టోబరు: పూలు
- అక్టోబరు నుంచి డిసెంబరు: వాననీళ్ల నుంచి మడిని కాపాడుకోవడం

వేసవిలో నీళ్లు దొరకని మెట్ట ఊళ్లలో, అంటే కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు, ఆరుద్ర కార్తెలో అంటే జూన్ చివర్లో నాటుకోవచ్చు. అయితే మొదటి పూలు సెప్టెంబరు, అక్టోబరుకి వస్తాయి. ఆ ఏడాది పూసే కాలం తక్కువ. నీటి వసతి ఉంటే మార్చి నాటే నా ఓటు. తుపాను రోజులు వచ్చేసరికి మొక్క వేళ్లూని గట్టిగా ఉంటుంది.

2. చోటు ఎంచుకోవడం

రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మామిడి, వేప చెట్ల కింద ఆకులే పెరుగుతాయి. ఇంటికి తూర్పు వైపు చోటుంటే అదే ఉత్తమం. పొద్దున ఎండంతా తగులుతుంది, మే నెల పడమటెండ నుంచి గోడ కాపాడుతుంది.

చూరు నీళ్లు, మిద్దె మీది పైపు నీళ్లు పడేచోట మాత్రం వద్దు. ఎంత మంచి మడి కట్టినా వానాకాలంలో అక్కడ దుంప నిలవదు.

అంతకు ముందు ఏడాది టమాటా, వంగ, బెండ వేసిన చోటు కూడా మానుకోండి. వాటి వేళ్లకు పట్టే నులిపురుగులే లిల్లీకీ పడతాయి.

3. మీ నేలని బట్టి మడి

మడి మూడు వారాల ముందే కట్టాలి. కొలత తేలిగ్గా ఉండటానికి 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడి లెక్క చెబుతాను. నాలుగడుగులకు మించితే మధ్యలోకి చెయ్యి అందక మడిలో కాలు పెడతారు. తొక్కిన నేలలో నీరు ఇంకదు.

నల్లరేగడి: ప్రకాశం జిల్లాలో చాలా పెరళ్లు ఇవే. ఇక్కడ మడి చుట్టూ నేల కంటే అడుగు ఎత్తు ఉండాలి. తవ్విన మట్టిలో మూడో వంతు ముతక ఇసుక, రెండు మూడు గంపల పాత ఊక కలపండి. నెల్లూరు జిల్లాలో రైస్ మిల్లులకు కొదవలేదు కాబట్టి ఊక దొరకడం కష్టం కాదు. మిల్లు బూడిద మాత్రం పోయకండి. దానికి క్షార గుణం ఉంటుంది, అసలే సున్నం ఎక్కువున్న రేగడిలో ఆకులు పసుపు పచ్చబడిపోతాయి.

ఎర్రనేల: పనికి అన్నిటికంటే సుఖం. ఆరంగుళాల ఎత్తు చాలు. ఎండాకాలంలో పైన గట్టి పొర కడుతుంది కాబట్టి ఎరువు ఎక్కువ కలపాలి.

సముద్రపు ఒడ్డు ఇసుక: కొత్తపట్నం, ముత్తుకూరు లాంటి చోట్ల నీరు నిలిచే బాధ తక్కువ. ఎరువు మాత్రం నీళ్లతో పాటే కిందికి దిగిపోతుంది. నాలుగంగుళాల ఎత్తు చాలు కానీ, చెరువు మట్టి రెండు గంపలు, పశువుల ఎరువు మామూలు కంటే రెట్టింపు వేయండి.

మడికి వేయాల్సినవి:

- బాగా చివికిన పశువుల ఎరువు 20 కిలోలు
- వేప పిండి 2 కిలోలు
- ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) పొడి 200 గ్రాములు

ఈ మూడూ కలిపి, పిడికిట పట్టి నొక్కితే ముద్దకట్టేంత తేమ చేసి, నీడలో కుప్పగా పోసి తడి గోతం కప్పండి. పది పన్నెండు రోజులకి కుప్ప మీద తెల్లగా, పచ్చగా బూజు కనిపిస్తుంది. అది ట్రైకోడెర్మానే, భయపడొద్దు. దుంపను కుళ్లబెట్టే శిలీంధ్రాలను అదే అదుపులో పెడుతుంది. అప్పుడు మడి పై ఆరంగుళాల మట్టిలో కలిపేయండి. పచ్చి పేడ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చెదలు, వేరుపురుగు రెండూ దాని వెంటే వస్తాయి.

మడి చుట్టూ జానెడు లోతు కాలవ తీసి, దాన్ని పెరట్లో పల్లం వైపు వదలండి. మడి కట్టాక ఒక బిందె నీళ్లు ఒకే చోట గుమ్మరించి చూడండి. పది నిమిషాలు దాటినా నీళ్లు అలాగే నిలబడి ఉంటే ఇసుక ఇంకా కలపాలి.

4. దుంప ఎంపిక: సగం ఫలితం ఇక్కడే

పూలు రాని పెరళ్లలో చాలావాటికి కారణం దుంపే. లిల్లీ దుంప జీవితంలో ఒక్కసారే పూస్తుంది. పూశాక తల్లి దుంప వట్టిపోతుంది. దాని చుట్టూ వచ్చిన పిల్ల దుంపలు పెరిగి తర్వాత పూస్తాయి. ఈ సంగతి తెలియక, పెద్దగా కనిపిస్తోందని పూసేసిన తల్లి దుంపను కొని నాటేవాళ్లు ఎందరో.

ఒక దుంపను చేతిలోకి తీసుకుని ఇలా చూడండి. మంచిది కదురులా మధ్యలో లావుగా, పైకి సన్నగా ఉంటుంది. నొక్కితే ఉల్లిగడ్డంత గట్టిగా తగలాలి. మొన దగ్గర పొర కాస్త తీస్తే లేత ఆకుపచ్చ మొలక కనిపిస్తుంది. తిరగేసి అడుగు చూడండి: ఎండిన వేళ్ల మధ్య బిళ్లలాంటి భాగం పొడిగా, గట్టిగా ఉండాలి. గోరుతో గీరితే మెత్తగా దిగినా, గోధుమరంగు చెమ్మ తగిలినా, పుల్లటి వాసన వచ్చినా పక్కన పడేయండి.

పూసేసిన దుంపకి నడిమధ్యలో ఎండిన పూల కాడ మొండెం ఉంటుంది. సైజు ఉన్నా చేతిలో తేలిగ్గా ఉంటుంది, పొరలు వదులుగా కదులుతాయి.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- మధ్యలో లావు రెండు నుంచి మూడు సెంటీమీటర్లు, బరువు 25 నుంచి 30 గ్రాములు
- మధ్యలో పాత కాడ మొండెం లేకపోవడం
- పొరల మధ్య తెల్లటి పిండినల్లి లేకపోవడం
- పాత వేళ్ల మీద బుడిపెలు లేకపోవడం (ఉంటే నులిపురుగు ఉన్నట్టే)
- తవ్వి కనీసం నాలుగు వారాలు అయివుండటం

10 × 4 అడుగుల మడికి 60 దుంపలు పడతాయి. అంటే సుమారు రెండు కిలోలు. పూల తోటలున్న రైతు దగ్గర దొరికితే అక్కడే కొనండి, ఏ తోటలోవో, ఎలా పూశాయో అడిగి తెలుసుకోవచ్చు. లేదంటే కడియం నర్సరీల నుంచి తెప్పించుకోవచ్చు.

రకాల్లో, మొదటిసారి వేసేవాళ్లు ఒంటిరేకువే తీసుకోండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన శృంగార్, ప్రజ్వల్ రెండూ మంచివి. శృంగార్‌కి వేరుబుడిపె నులిపురుగుని తట్టుకునే గుణం ఉంది. ప్రజ్వల్ మొగ్గ లేత గులాబీ రంగులో ఉండి, విచ్చాక తెల్లబడుతుంది. పువ్వు బరువుగా ఉంటుంది. ముద్దపూలలో సువాసిని, వైభవ్ ఉన్నాయి. ముద్దపువ్వు కుండీలో అందంగా ఉంటుంది కానీ, రేకుల మధ్య వాననీరు పట్టి మొగ్గలోనే మాగిపోయే బాధ మన చిత్త, స్వాతి వానల్లో ఎక్కువ. వాసన కూడా ఒంటిరేకుకే ఎక్కువ.

5. దుంప శుద్ధి

పాత వేళ్లు, ఎండు పొరలు చేత్తో తీసేయండి. కత్తి పెట్టకండి, అడుగు బిళ్లకు గాటు పడితే కుళ్లు అక్కడే మొదలవుతుంది.

మడిలో ట్రైకోడెర్మా వేసినవాళ్లు దుంపల్ని కూడా దాంట్లోనే ముంచండి: లీటరు నీటికి 10 గ్రాములు, అరగంట. రేగడి నేల అయివుండి, దుంపలు ఎక్కడివో నమ్మకం లేకపోతే, లీటరుకి 2 గ్రాముల కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని మందు కలిపి అరగంట ముంచండి. రెండూ కలిపి వాడొద్దు. కార్బెండజిమ్ తగిలితే ట్రైకోడెర్మా చచ్చిపోతుంది, డబ్బు దండగ. కార్బెండజిమ్ వాడదలచుకుంటే పశువుల ఎరువు, వేప పిండి మాత్రమే మడికి వేసుకోండి.

మందుకి వాడిన బకెట్‌ని మళ్లీ ఇంట్లో వాడకండి. చేతులకి తొడుగులు వేసుకోండి. ముంచాక గోతం మీద పరిచి, నీడలో పై తడి ఆరనిచ్చి నాటండి.

6. నాటడం

ముందు రోజు సాయంత్రం మడి తడపండి. పొద్దున మట్టి చేతికి అంటకుండా పొడిపొడిగా ఉన్నప్పుడు నాటాలి.

వరుసకీ వరుసకీ అడుగు, దుంపకీ దుంపకీ ఎనిమిది అంగుళాలు. అంచు నుంచి అరడుగు వదిలితే నాలుగడుగుల మడిలో నాలుగు వరుసలు, వరుసకి 15 దుంపలు సరిగ్గా పడతాయి.

లోతు విషయంలోనే తేడాలొస్తాయి. దుంప మొన మీద ఎంత మట్టి ఉండాలన్నది లెక్క:

- రేగడిలో అంగుళం
- ఎర్రనేలలో అంగుళంన్నర
- ఇసుకలో రెండంగుళాలు

రేగడిలో ఒక అదనపు పని చేయండి. గుంట అడుగున పిడికెడు ముతక ఇసుక పోసి దాని మీద దుంపను నిలబెట్టండి. అడుగు బిళ్ల తడి మట్టిలో కూర్చోదు. దీనికయ్యే ఖర్చు అరబస్తా ఇసుక. వానల్లో దానివల్ల కలిగే మేలు చాలా పెద్దది.

మొన పైకే ఉండాలి. మట్టి కప్పి అరచేత్తో మెల్లగా అదమండి, కాలితో తొక్కకండి. తర్వాత వరిగడ్డి రెండంగుళాల మందాన పరచండి. మొలకలు కనిపించగానే వాటి చుట్టూ గడ్డిని కాస్త పక్కకు జరపాలి.

మిద్దె మీద కుండీల్లో అయితే: 12 అంగుళాల కుండీకి నాలుగైదు దుంపలు. మట్టి, ఎరువు, ఇసుక సమానంగా కలపండి. అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా పెంకులు వేయండి. కుండీని నేరుగా మిద్దె నేల మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. మే నెలలో సిమెంటు వేడికి కుండీలో దుంప ఉడికినట్టు అయిపోతుంది. కుండీల వాళ్లకి ఒక పెద్ద సౌకర్యం ఉంది: తుపాను హెచ్చరిక వస్తే కుండీలు వరండాలోకి జరిపేయొచ్చు.

7. నీళ్లు

నాటిన రోజు ఒకసారి బాగా తడపండి. తర్వాత మొలక కనిపించేదాకా, అంటే రెండు నుంచి నాలుగు వారాలు, చెయ్యి ఆపుకోవాలి. ఈ దశలో వేళ్లు లేవు కాబట్టి పోసిన నీళ్లు తాగేదెవరూ లేరు. మొలక రాలేదని రోజూ పోస్తే దుంప లోపలే కుళ్లుతుంది.

మొలకలొచ్చాక ఏప్రిల్, మే నెలల్లో ఇసుక నేలకి రోజు విడిచి రోజు, ఎర్రనేలకి మూడు నాలుగు రోజులకోసారి, రేగడికి వారానికోసారి. ఇది అంచనా మాత్రమే. వేలు రెండంగుళాలు లోపలికి దించి చూడటమే అసలు పరీక్ష. చల్లగా తగిలితే ఆగండి. రోహిణి కార్తెలో వడగాడ్పులు కొట్టినప్పుడు ఆకులు మధ్యాహ్నం వాలిపోతాయి. సాయంత్రానికి నిలబడితే నీళ్లు చాలినట్టే.

ఇక ఉప్పు నీళ్ల సంగతి. తీరం వెంబడి చాలా బోర్లు ఉప్పగానే ఉంటాయి. లిల్లీ కొంత ఉప్పుని ఓర్చుకుంటుంది కానీ హద్దు దాటితే ఆకుల కొనలు గోధుమరంగులో మాడతాయి, కుండీ అంచున తెల్లటి పేరుడు కనిపిస్తుంది. అలా ఉంటే:

- మంచినీళ్లు, బోరు నీళ్లు సగం సగం కలిపి పోయండి
- కొంచెం కొంచెంగా రోజూ పోయకుండా, వ్యవధి ఇచ్చి నిండుగా పోయండి. పేరుకున్న ఉప్పు కిందికి దిగుతుంది
- వరిగడ్డి కప్పు తీయకండి, తేమ ఆవిరై ఉప్పు పైకి రావడం తగ్గుతుంది
- జూన్, జూలైలో మిద్దె మీది వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఈ మడికే వాడండి

8. ఎరువులు

నాటేటప్పుడు మడికి సూపర్ ఫాస్ఫేట్ 450 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 60 గ్రాములు. నాటిన 30, 60, 90 రోజులకి యూరియా 50 గ్రాముల చొప్పున. 60వ రోజున యూరియాతో పాటు ఇంకో 60 గ్రాముల పొటాష్. వరుసల మధ్య గీత గీసి, వేసి, మట్టి కప్పి నీళ్లు పెట్టండి. ఆకుల మొదట్లో పోస్తే మాడిపోతాయి.

రసాయన ఎరువు వద్దనుకునేవాళ్లు పావు కిలో వేరుశనగ పిండిని ఐదు లీటర్ల నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, దానికి పదింతలు నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పోయొచ్చు. పొటాష్ కోసం కట్టెల బూడిద ఎర్రనేలలో, ఇసుకలో పిడికెడు చొప్పున చల్లొచ్చు. రేగడిలో వద్దు.

కొత్త ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు పచ్చబడితే ఇనుము అందడం లేదు. రేగడిలో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వారం ఆగి మళ్లీ ఒకసారి.

9. పూలు రాలేదా? ఈ వరుసలో చూసుకోండి

మంచి దుంప అయితే నాటిన 80 నుంచి 100 రోజులకి కాడ తొంగిచూస్తుంది. మార్చిలో నాటితే జూన్ మొదట్లో అన్నమాట. ఆ మొదటి కాడలు ఎండ దెబ్బకి పొట్టిగా రావచ్చు, దిగులు పడకండి. జూలై నుంచి వచ్చేవి నిండుగా ఉంటాయి.

నాలుగు నెలలు దాటినా కాడ లేకపోతే ఒక మొదలు పక్కన మట్టి తీసి దుంపను చూడండి. చిటికెన వేలంత సన్నగా ఉంటే అది ఇంకా పిల్ల దుంప, వచ్చే ఏడాదికి పూస్తుంది. ఒకే చోట పది పన్నెండు పిలకలు ఇరుక్కుని ఉంటే తల్లి దుంప పూసేసింది, పిల్లలకి చోటు చాలక ఎదగలేదు. దుంప బాగానే ఉండి ఆకులు ముదురు పచ్చగా, పొడుగ్గా వాలిపోతుంటే యూరియా ఎక్కువైంది. పొటాష్ వేసి యూరియా ఆపండి. ఇవేవీ కాకపోతే ఎండ చాలడం లేదు, చోటు మార్చక తప్పదు.

10. చిత్త కార్తె నుంచి డిసెంబరు దాకా

మన జిల్లాల్లో లిల్లీ నిలబడేదీ పోయేదీ ఈ మూడు నెలల్లోనే.

అక్టోబరు మొదటి వారంలో చేయాల్సినవి:

- మడి చుట్టూ కాలవ పూడిక తీయడం
- వానలకి జారిన మడి అంచులు ఎత్తి కట్టడం
- వరిగడ్డి కప్పు పూర్తిగా తీసేయడం
- మిగిలిన యూరియా ఆపేయడం
- నేలకి ఆనుతున్న పాత ఆకులు కోసేయడం, గాలి ఆడేలా చేయడం

వేసవిలో ప్రాణం నిలిపిన గడ్డి కప్పే ఇప్పుడు కుళ్లుకి ఇల్లవుతుంది. అందుకే తీసేయమంటున్నాను.

వాయుగుండం హెచ్చరిక రాగానే విచ్చే దశలో ఉన్న కాడలన్నీ కోసి ఇంట్లో నీళ్లలో పెట్టుకోండి. మడిలో ఉంచితే గాలికి విరిగి, విరిగిన చోట నీరు పట్టి దుంపదాకా కుళ్లు దిగుతుంది. లేత కాడలకి వెదురు పుల్ల పాతి వదులుగా కట్టండి. దుంప పక్కన ఆరంగుళాల దూరంలో పాతాలి, లేకపోతే పుల్ల దుంపలోకే దిగుతుంది.

వాన ఆగాక మొదటి పని కాలవలో నిలిచిన నీటిని బయటికి తోడటం. ఒకటిన్నర రోజు నీరు నిలిచినా వేళ్లకి ఊపిరాడదు. మడిలోకి దిగకండి, పక్కనుంచే పని చేయండి. మట్టి పై పొర ఆరాక చేతి పారతో అంగుళం లోతు మాత్రం కదిలించండి. రేగడి నేలల వాళ్లు లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. ట్రైకోడెర్మా వేసిన మడికి ఇది కూడా పోయకుండా, అదే ట్రైకోడెర్మాని చివికిన ఎరువులో కలిపి మళ్లీ చల్లడం మేలు.

11. తెగుళ్లు, పురుగులు

మొదలు కుళ్లు అన్నిటికంటే ప్రమాదం. ముందు ఒకటి రెండు ఆకులు మొదట్లో పాలిపోయి, లాగితే చేతికి ఊడొస్తాయి. నేలకి ఆనిన చోట తెల్లటి దారాల్లాంటి బూజు, అందులో ఆవగింజలంత గోధుమరంగు గుళికలు కనిపిస్తాయి. ఆ గుళికలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కాబట్టి ఆ మొక్కని చుట్టూ జానెడు మట్టితో సహా తవ్వి పెరటి బయట పారేయండి. కంపోస్టు గుంటలో వేయొద్దు. పక్క మొక్కల మొదళ్లకి పైన వానల దగ్గర చెప్పిన మందు పోయండి.

తామర పురుగులు వేసవిలో వస్తాయి. ఆకుల మీద వెండి చారలు, మొగ్గలు వంకర. లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి వారం వ్యవధిలో రెండుసార్లు సాయంత్రం పూట కొట్టండి.

మొగ్గకి రంధ్రం కనిపిస్తే శనగపచ్చ పురుగు. పెరటి మడికి మందెందుకు, పొద్దున్నే ఏరిపారేయండి. మరీ ఎక్కువైతే 5 శాతం వేప గింజల కషాయం చాలు.

నులిపురుగు ఉంటే మొక్క గిడసబారి, వేళ్ల మీద బుడిపెలు ఉంటాయి. మడి అంచున బంతి నాటండి, వేప పిండి మరో కిలో వేయండి. తర్వాతి ఏడాది చోటు మార్చండి.

పందికొక్కులు తిరిగే పెరళ్లలో దుంపలు మాయమవుతాయి. మడి చుట్టూ అడుగు లోతున కోళ్ల దొడ్డికి వాడే వల దించితే సరిపోతుంది.

ఏమిటో తేలకపోతే జబ్బు మొక్కని వేళ్లతో సహా సంచిలో వేసుకుని నెల్లూరు లేదా దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి. ఫోన్లో ఆకు ఫొటో చూసి వేరు జబ్బు చెప్పడం ఎవరికైనా కష్టం.

12. కోత

దండలకైతే తెల్లవారుజామున, విచ్చబోతున్న మొగ్గలు కోయండి. ఎండెక్కాక కోస్తే వాసన తగ్గి వాడిపోతాయి. ఫ్లవర్ వాజ్‌కి కింది జత పూలు విచ్చగానే కాడని నేలకి రెండంగుళాల పైన కోయాలి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చి, కాడ అడుగు ఏటవాలుగా కాస్త కత్తిరిస్తుంటే పై మొగ్గలు కూడా విచ్చుకుంటూ వస్తాయి. పూత అయిపోయిన కాడల్ని మడిలో ఉంచకండి.

13. సంక్రాంతి తర్వాత: తవ్వాలా, వదలాలా?

రేగడి వాళ్లు ఏటా తవ్వండి. ఎర్రనేల, ఇసుక వాళ్లు రెండేళ్లు, గట్టిగా ఉంటే మూడేళ్లు వదిలేయొచ్చు. వదిలినా జనవరి, ఫిబ్రవరిలో నీళ్లు ఆపి విశ్రాంతి ఇవ్వాల్సిందే. మార్చిలో ఆకులు నేలమట్టంగా కోసి, ఎరువు వేసి, తడి ఇస్తే కొత్త పిలకలు లేస్తాయి.

తవ్వే పద్ధతి:

1. పండగ వెళ్లగానే నీళ్లు పూర్తిగా ఆపండి. రెండు మూడు వారాల్లో ఆకులు పసుపెక్కుతాయి. కొన్ని పచ్చగానే ఉండిపోయినా ఫర్వాలేదు.
2. ఆకుల్ని నేలకి రెండంగుళాల పైన కోయండి.
3. మొదలుకి ఎనిమిది అంగుళాల దూరంలో గునపం దించి, గుత్తి మొత్తాన్ని పైకి లేపండి. ఆకు పట్టి లాగితే దుంప మెడ తెగిపోతుంది.
4. మట్టి దులపండి, కడగొద్దు.
5. గాలి ఆడే వరండాలో గోతం మీద ఒకే వరుసగా పరచండి. రెండు మూడు రోజులకోసారి తిరగేయండి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే వారంలో బూజు పడుతుంది.

పదిహేను రోజులకి గుత్తి ఆరిపోయి, చేత్తో మెల్లగా తిప్పితే పిల్ల దుంపలు వాటంతట అవే విడివడతాయి. బలవంతంగా విరవాల్సి వస్తోందంటే ఇంకా ఆరలేదు. మధ్యలో కాడ మొండెంతో ఉన్న వట్టి తల్లి దుంపని పారేయండి. మిగతావాటిని సైజు వారీగా మూడు కుప్పలు చేయండి.

రెండు సెంటీమీటర్లకి పైన ఉన్నవి మార్చిలో అసలు మడికి. ఒకటిన్నర నుంచి రెండు ఉన్నవి మడి అంచు వరుసకి, వాటిలో కొన్ని ఆలస్యంగా పూస్తాయి. అంతకంటే చిన్నవి వేరే మూలలో నాలుగంగుళాల దూరంలో దగ్గరగా నాటి, ఆ ఏడాది పూల ఆశ పెట్టుకోకుండా ఎరువు, నీళ్లు మాత్రం అందరితో సమానంగా ఇవ్వండి. వాటి దగ్గర నాటిన నెల రాసిన చిన్న రేకు ముక్క గుచ్చిపెట్టుకోండి. మరుసటి జనవరిలో తవ్వేసరికి అవి నాటు సైజుకి వస్తాయి. బయట కొనే అవసరం ఉండదు.